షబ్-ఎ-బరాత్: పంచాయతీ సభ్యులు తెలియదగిన విషయములు

ముస్లిములు పవిత్రముగా భావించు రాత్రులలో షబ్-ఎ-బరాత్ యొకటి. పారసీక భాషలో 'షబ్' అనగా రాత్రి. 'బరాత్' అనగా విముక్తి. ఇస్లామీయ పంచాంగమున ఎనిమిదవ మాసము షాబాన్. ఆ పంచాంగమున దినము సూర్యాస్తమయముతో మొదలగును గనుక, షాబాన్ 14వ నాటి సాయంకాలము ప్రొద్దు గ్రుంకగనే 15వ తేదీ ప్రవేశించును. ఆ రాత్రియే షబ్-ఎ-బరాత్.

ఆ రాత్రి భగవంతుడు పశ్చాత్తప్తులను క్షమించునని భక్తుల విశ్వాసము. మనసున పగ నిలుపుకొన్నవారు ఆ క్షమకు దూరమగుదురని పెద్దలు బోధింతురు. కావున పలువురు మనస్పర్థలను మాని, మసీదులలో జాగరణ చేసి, పేదలకు దానమొనర్తురు. మరునాడు ఉపవసించువారును కలరు. ఈ రాత్రి ప్రత్యేకాచరణ విషయమున ముస్లిములలోనే అభిప్రాయభేదములున్నవి.

ప్రవక్త మహమ్మదు ఈ రాత్రి మదీనాలోని బఖీ శ్మశానమునకేగి మృతులకై ప్రార్థించెనని యొక సంప్రదాయము. దాని ననుసరించి అనేకులు ఖబరస్తానునకు పోయి గతించిన పెద్దలను స్మరింతురు. శివరాత్రి జాగరణమును, మహాలయ పక్షమునందలి పితృస్మరణమును ఎరిగిన మన గ్రామీణులకు ఈ భావము క్రొత్తది కాదు.

పంచాయతీకి సంబంధించిన విషయ మిచ్చటనే యున్నది. వీథిదీపములు, శ్మశానవాటికల నిర్వహణ 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీల కప్పగించిన విధులు. అనకాపల్లి జిల్లాలోని కోటవురట్ల వంటి మండల కేంద్రమైనను, చిన్న పల్లెయైనను, ఖబరస్తాను త్రోవలో ముండ్లపొదలు పెరిగి దీపము లేకున్నచో వృద్ధులు చీకటిలో పాములకు, గోతులకు వెరచుచు నడువవలసి వచ్చును. ఆ స్థలము వక్ఫ్ భూమియైనచో ముతవల్లిని సంప్రదించియే పని చేయించుట ఉచితము.

చాంద్రమాన వత్సరమునకు సుమారు 354 దినములే. అందుచే ఈ రాత్రి ఏటేట 10 మొదలు 12 దినములు ముందునకు జరుగును. 2024లో ఫిబ్రవరి 25న, 2025లో ఫిబ్రవరి 13న వచ్చినది. 2032 నాటికి తుపానుల కాలమగు నవంబరునకు చేరును. అప్పుడు దీపముతోపాటు మురుగు నీరు పోవు కాలువయు అవసరమగును. కావున సభ్యులు నెలవంక తేదీని మసీదు పెద్దల నడిగి తెలిసికొని, రెండు వారములు ముందుగనే త్రోవను చూచి రావలెను.

ఒక వీథివారి పితరులున్న చోటికి వెలుగు చూపుట ఊరందరి మర్యాద.