శస్త్రచికిత్స అనంతరం పెద్ద వయసు క్రీడాకారుల పునరాగమనం

40 ఏళ్ల వయసులో తుంటి కీలుకు శస్త్రచికిత్స జరిగిన ఆటగాడు మళ్లీ పోటీల్లో నిలవగలడా? అమెరికా టెన్నిస్ డబుల్స్ క్రీడాకారుడు బాబ్ బ్రయాన్ 2018 ఆగస్టులో తుంటి రీసర్ఫేసింగ్ చేయించుకున్నాడు. ఈ పద్ధతిలో తొడ ఎముక తలను పూర్తిగా తీసివేయరు. అరిగిన పైభాగాన్ని చెక్కి లోహపు తొడుగు వేస్తారు, అది ఇమిడే గుంటకూ లోహపు గిన్నె అమరుస్తారు. 2019 జనవరిలో అతడు ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆడాడు. మార్చిలో సోదరుడు మైక్‌తో కలిసి మయామీ టైటిల్ గెలిచాడు.

ఈ ఉదాహరణను 65 ఏళ్ల షటిల్ ఆటగాడికి యథాతథంగా వర్తింపజేయకూడదు. బ్రయాన్‌కు వ్యాయామమే వృత్తి. పైగా డబుల్స్‌లో కోర్టు కాపు కాసే భారాన్ని ఇద్దరూ పంచుకుంటారు.

పెద్ద వయసువారిలో అసలు అడ్డంకి చాలాసార్లు కీలు కాదు, కండరం. మోకాలి మార్పిడినే తీసుకుందాం. కీలులో వాపు, నొప్పి ఉన్నంతకాలం నాడీ వ్యవస్థ తొడ ముందుభాగంలోని క్వాడ్రిసెప్స్ కండరాన్ని పూర్తిస్థాయిలో పనిచేయనివ్వదు. మొదటి నెలలో దాని బలం సగానికి పైగా తగ్గవచ్చు. వయసుతో వచ్చే కండర క్షీణత దీనికి తోడవుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. నొప్పి ముందు తగ్గుతుంది, బలం ఆలస్యంగా వస్తుంది. నొప్పి లేదు కదా అని తొందరపడి రాకెట్ పట్టినవారు తమకు తెలియకుండానే బరువును రెండో కాలిపై మోపుతారు. చదునైన నేలపై నడుస్తున్నప్పుడు ఈ తేడా అంతగా కనిపించదు. మెట్లు దిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు బయటపడుతుంది. కాబట్టి ఎన్ని వారాలు గడిచాయని మాత్రమే కాక, రెండు కాళ్ల బలాన్ని పోల్చి చూసి కోర్టులోకి అనుమతించాలి.

పెద్దవారు కదా అని కొందరు శిక్షకులు తేలికపాటి సాగదీత వ్యాయామాలతో సరిపెడతారు. అది జాలి అవుతుంది గాని శిక్షణ కాదు. సర్జన్ అనుమతించాక క్రమంగా బరువు పెంచుతూ చేసే వ్యాయామం, సమతౌల్య సాధన, తగినన్ని మాంసకృత్తులు వీరికీ అవసరమే.

ఏ ఆటకు తిరిగి వెళ్లాలన్నది వేరే ప్రశ్న. కీలు మార్పిడి తర్వాత నడక, ఈత, సైకిల్ తొక్కడం వంటివాటికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. పరుగు, ఫుట్‌బాల్ వంటి ఆటల విషయంలో మాత్రం కృత్రిమ కీలు అరిగిపోతుందని, వదులవుతుందని సర్జన్లు వెనుకాడతారు. అలాగని ఆట పూర్తిగా మానేయమనడం సరికాదు: ఆ మాట విన్నవారు కదలడమే తగ్గిస్తారు, కండరం ఇంకా పోతుంది. ఏళ్ల తరబడి సింగిల్స్ ఆడిన మనిషిని డబుల్స్‌కు ఒప్పించడం వ్యాయామం చేయించడం కంటే కష్టం. అందుకే ఆయనకు కావలసింది గెలుపా, చెమటా, ఉదయం కోర్టు దగ్గర కలిసే మిత్రులా అన్నది శిక్షకుడు మొదటి రోజే అడిగి తెలుసుకోవాలి.