మాస్కో పటము, మానేటి చూపు

1951వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున, నిజాము పాలన అంతరించి రెండేండ్లు దాటినను తెలంగాణ పల్లెలలో తుపాకి చప్పుడింకను సద్దుమణగక, గోదావరి యొడ్డున కరీంనగరు, ఆదిలాబాదు అడవులలో కమ్యూనిస్టు గెరిల్లా దళములు పగలు దాగి రాత్రి నడచుచుండగా, ఆ పోరాటము సాగవలెనా, ఆగవలెనా యను ప్రశ్నతో నలుగురు భారత కమ్యూనిస్టు నాయకులు రహస్యముగా మాస్కో చేరిరి. వారిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య తెలుగువారు. తక్కిన యిద్దరు అజయ్ ఘోష్, డాంగే. స్టాలిన్ వారితో మాటాడుచు, సిద్ధాంతముతోపాటు భూగోళమును ముందుకు తెచ్చెను. చైనా విప్లవసైన్యము మంచూరియా చేరిన పిదప దాని వెన్నుకు సోవియట్ దేశము ఆనుకొని యుండెననియు, భారతదేశమున తిరుగబడినవారికి అట్టి వెన్నుదన్ను లేదనియు, పట్టణములలోని కార్మికులు కలిసిరాక పల్లెల గెరిల్లా పోరొక్కటే గెలువజాలదనియు ఆయన చెప్పిన దాని సారాంశము. ఆ యేటి అక్టోబరులో సాయుధపోరాట విరమణ ప్రకటింపబడెను.

ఆ నిర్ణయమునకు కారణములు మరికొన్ని లేకపోలేదు. దళములు అలసియుండెను, పార్టీలోనే అభిప్రాయములు చీలియుండెను, ఎన్నికలు దగ్గరపడుచుండెను. అయినను 1948 మార్చి 14న మహమ్మదాపురము గుట్టలలో దళనాయకుడు అనభేరి ప్రభాకరరావు సహచరులతో నేలకొరిగిన కరీంనగరు జిల్లాలో, ఆ రక్తము గుర్తున్నవారికి, తమ పోరాటపు జయాపజయములను ఎక్కడో మంచుదేశమున నొక నాయకుడు సరిహద్దులను లెక్కించి తూచెనను సంగతి ఎంత బరువైనదో ఊహింపవచ్చును. విరమణ జరిగిన మరుసటి యేడు ఇదే కరీంనగరు ప్రజలు ఆ పోరాటవీరులలో నొకరైన బద్దం ఎల్లారెడ్డిని లోకసభకు పంపి, తుపాకి దింపినవారిపై తమ ప్రేమ తగ్గలేదని తెలియజేసిరి.

స్టాలిన్ మాటలలో పలికినది ఒక్క కమ్యూనిస్టు గొంతు మాత్రమే కాదని నా విశ్వాసము. పడమటి దిక్కున పర్వతముల యడ్డులేని విశాలమైన చదునునేల మీద నెలకొని, 1812లో నెపోలియనునకును, 1941లో హిట్లరునకును ఎదురొడ్డి లక్షలు, కోట్లుగా జనమును కోల్పోయిన దేశమునకు, రాయబారమనగా మొదట పటమును పరచి, తన వాకిటికి ఎవరెంత దగ్గరగా వచ్చుచున్నారో చూచుకొనుటయే. జారు ప్రభువు కాలమున 1856లో క్రిమియా యుద్ధమున ఓడి, నల్లసముద్రమున నౌకాసైన్యము నుంచుకొను హక్కును సయితము కోల్పోయిన రష్యాకు విదేశాంగ మంత్రియైన గొర్చకోవ్, పదునాలుగేండ్లు ఓర్పుతో వేచి, ఫ్రాన్సు, ప్రష్యాలు తమలో తాము పోరాడుకొను వేళ జూచి 1870లో ఆ నిబంధనను త్రోసిపుచ్చి, మరుసటి యేడు లండనులో అందరిచేతను ఒప్పించెను. ఒక్క తుపాకి యైనను పేలలేదు. నూరేండ్లు దాటిన పిమ్మట, సోవియట్ పతనముతో మరల దీనదశకు చేరిన రష్యాకు విదేశాంగ మంత్రియైన ప్రిమకోవ్ ఆదర్శముగా నెంచినది ఈ గొర్చకోవునే. బలము తగ్గినపుడు వేచియుండుట, ఒకే శక్తి లోకమును ఏలుటను అంగీకరింపకుండుట, పొరుగును తన పరిధిగా భావించుట: జారులు పోయి కమ్యూనిస్టులు వచ్చినను, వారును పోయినను ఈ దృష్టి పెద్దగా మారలేదు.

మన ప్రాంతమున రష్యా యనగా పలువురకు గుర్తువచ్చునది వేరు. విశాలాంధ్ర పుస్తకశాలలలో కారుచౌకగా దొరకిన గట్టి అట్టల సోవియట్ పుస్తకములు, మాస్కోలో కూర్చుండి ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళబండి వెంకటేశ్వరరావు మొదలైనవారు తెనిగించిన నవలలు, 'సోవియట్ భూమి' పత్రిక. ఆ పత్రిక కాగితము ఎంత నున్నగా, ఎంత దట్టముగా నుండెడిదనగా, బడి తెరచిన వారమున కరీంనగరులో ఎన్నో యిండ్లలో పిల్లలు దానిని విప్పి నోటుపుస్తకములకు అట్టలు వేసికొనెడివారు. ట్రాక్టరు తోలు రష్యా యువతి, వ్యోమగామి గగారిన్, గోధుమ చేలు ఏడాది పొడుగునా లెక్కల పుస్తకముపై నిలిచి యుండెడివి. బెల్లంపల్లి, మందమర్రి బొగ్గుగనుల కాలనీలలో ఎర్రజెండా యూనియను కార్యాలయమునకు షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు ఆ దేశమును తన బంధువు గానే తలచెను. ఆ ప్రేమ అబద్ధము కాదు. అయితే ప్రజల మీది ప్రేమ వేరు, ప్రభుత్వముల లెక్క వేరు. ఈ రెండింటి నడుమ దూరమును కొలిచి నడచిన మనిషి కూడ ఈ నేలవాడే యగుట నాకు గర్వకారణము.

ఆయన నాటి కరీంనగరు జిల్లా వంగర గ్రామపు పాములపర్తి వేంకట నరసింహారావు. గోదావరీతీరమున వేదఘోషకు పేరుగన్న మంథని నుండి 1957 మొదలు ఇరువదేండ్లు శాసనసభ్యుడై, 1980 జనవరిలో విదేశాంగ మంత్రి యగునాటికి సోవియట్ సేనలు అఫ్ఘానిస్థానమున దిగి మూడు వారములైన కాలేదు. సోవియట్ దేశముతో 1971 ఆగస్టు 9 నాటి మైత్రీసంధి ఒకవైపు, చిన్న దేశముపై సైన్యము దిగుట మరొకవైపు. ఫిబ్రవరిలో సోవియట్ విదేశాంగ మంత్రి గ్రొమికో, డిసెంబరులో అధినేత బ్రెజ్నెవ్ ఢిల్లీకి వచ్చిరి. బహిరంగముగా నిందింపక, విదేశీ సేనలు ఉండరాదను మాటను వదలక, భారతదేశము నడచిన దారి అందరకు నచ్చలేదు. నాకును ఆ మౌనము కొంచెము ఎక్కువైనదనియే తోచును. కాబూలు ప్రజల పక్షమున మరికొంత గట్టిగా పలికియుండవలసినది.

1991 జూనులో నరసింహారావు ప్రధాని యైన రెండు నెలలకే, ఆగస్టు 19న మాస్కోలో అధికారమును చేజిక్కించుకొను కుట్ర జరిగి మూడు దినములలో విఫలమయ్యెను. డిసెంబరు ముగియక మునుపే సోవియట్ రాజ్యమే లేకుండపోయెను. మన సైన్యపు ఆయుధములలో అధికభాగమునకు విడిభాగములు పంపవలసిన కర్మాగారములు ఒక్కసారిగా పలుదేశముల పాలైనవి. రూబులు విలువ కుప్పకూలగా, మనము తీర్చవలసిన పాతబాకీని ఏ రేటున లెక్కించవలెనను తగవు పుట్టెను. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీకి వచ్చినపుడు తేలిన పరిష్కారము చూడుడు: బాకీలో 63 శాతము పన్నెండేండ్లలో స్వల్పవడ్డీతోను, తక్కిన 37 శాతము 45 ఏండ్లలో వడ్డీ లేకయు తీర్చవలెను, అదియును రూపాయలలోనే, ఆ రూపాయలతో రష్యా మన సరకులు కొనుక్కొనవలెను. 1971 నాటి సంధికి బదులు క్రొత్త సంధి కుదిరెను. ఆపద వచ్చినపుడు తక్షణమే సంప్రదించుకొందుమను పాత హామీ అందులో లేదు. యెల్త్సిన్ విదేశాంగ మంత్రి కోజిరెవ్ చూపు నాడు పడమటివైపే యుండెను గదా.

ఆ చూపు ఫలితము కొద్ది నెలలకే తెలిసెను. మన అంతరిక్ష సంస్థకు క్రయోజెనిక్ ఇంజనులతోపాటు వాటి నిర్మాణ విజ్ఞానము ఇత్తుమని 1991లో సోవియట్ సంస్థ ఒప్పుకొనియుండగా, రష్యా అమెరికా ఒత్తిడికి లొంగి 1993లో విజ్ఞానమును నిరాకరించి ఇంజనులు మాత్రము ఇచ్చుటకు దిగెను. స్వంత క్రయోజెనిక్ ఇంజనుతో జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు శ్రీహరికోట నుండి విజయవంతముగా ఎగురుటకు 2014 జనవరి 5 వరకు వేచియుండవలసివచ్చెను. నరసింహారావు అలిగి తలుపు మూసికొనలేదు. 1994 జూను చివర మాస్కోకు పోయి, పలుజాతులు, పలుమతములు గల రాజ్యములు చీలిపోకుండ కాపాడుకొను హక్కును గూర్చి ఉభయదేశముల ప్రకటనపై సంతకము చేసెను. చెచెన్యాతో రష్యా, కాశ్మీరుతో మనము కలతపడుచున్న కాలమున, అవతలివాని భయమును గుర్తించి దానినే బేరమునకు నేలగా చేసికొనుట ఆయన నేర్పు. దానిలోని చీకటి కోణమును దాచుట తగదు: ఆరు నెలలు తిరుగకముందే రష్యా సేనలు చెచెన్యాపై పడినవి.

నేటి రష్యా 2023 మార్చిలో వెలువరించిన విదేశాంగ విధానపత్రమున తన్ను తాను ఒక విశిష్ట నాగరికతా రాజ్యముగా వర్ణించుకొని, చైనాతోపాటు భారతదేశమునకు ప్రత్యేకస్థానమిచ్చినది. ఉక్రెయినుపై దండయాత్రను సమర్థించుకొనుటలో పాత పటపు భయమే వినవచ్చుచున్నది. భయము ఎంత నిజమైనను పొరుగువాని యిల్లు కూల్చుటకు అది హక్కు కాజాలదు. మనము తగ్గింపు ధరకు వారి చమురును కొనుచు, ఐక్యరాజ్యసమితి ఓటింగులలో దూరముగా నుంటిమి. అయితే ఈ యుద్ధము తెలంగాణ గడపను తాకకపోలేదు. సహాయకుల ఉద్యోగములని ఏజెంట్లు నమ్మబలుకగా పోయి, రష్యా సైన్యమున చిక్కి యుద్ధభూమికి తరలింపబడిన భారతీయులలో మన రాష్ట్రపు యువకులును కలరు. ప్రాణము కోల్పోయినవారును కలరు. 2024 జూలైలో మాస్కోకు పోయిన ప్రధాని మోదీ పుతినునొద్ద ఈ మాట నెత్తగా, వారిని విడిచిపెట్టుటకు రష్యా సమ్మతించెను. పిదప కొందరు తిరిగివచ్చిరి. అందరును రాలేదు, ఆ మిగిలినవారి పేర్లను ప్రతి సమావేశమునందును మొదటి అంశముగా మన దౌత్యవేత్తలు అడుగుచునే యుండవలెను.