ఐసు కరిగేలోపు హౌరా చేరాలి

ఏలూరు - కైకలూరు రోడ్డులో బైకు నడిపేవాళ్లకి చేపల లారీ అంటే ముందు గుర్తొచ్చేది వాసన. ఆ తర్వాత, వెనక నుంచి ధారగా కారే ఐసు నీళ్లు. మలుపులో ఆ తడి మీద బ్రేకేస్తే బండి ఎటు జారుతుందో చెప్పలేం. "ఈ డ్రైవర్లకి బుద్ధుండదా?" అని తిట్టుకోనివాళ్లు మా వైపు ఉండరు. సరే, వాళ్లేమంటారో విందామని ఆకివీడు, కైకలూరు, తాడేపల్లిగూడెం దగ్గర లారీలు ఆగే చోట్ల తిరిగాను. పేర్లు రాయొద్దన్నారు, ఓనర్లు చూస్తారని.

ముందు చేపల సంగతి. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చెల్ని ట్రేల్లో ఐసు వేసి సర్దుతారు. లోడ్లు ఎక్కువగా వెళ్లేది బెంగాల్, అస్సాం వైపు. హౌరాకే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. గూడెం మార్కెట్‌కి ఉల్లి లారీ ఓ పూట లేటుగా వచ్చినా సర్దుకుంటారు. చేపకి ఆ వీల్లేదు. పొద్దున్నే మార్కెట్ వేళకి దిగకపోతే రేటు పడిపోతుంది, ఆ కోపమంతా డ్రైవర్ మీదే.

"నెమ్మదిగా వెళ్లమని మాకు బోర్డులు పెడతారు బాబూ. నెమ్మదిగా కరగమని ఐసుకి ఎవరు చెబుతారు?" అన్నాడో పెద్దాయన.

వాళ్లందరి నోటా వచ్చిన మాట ఒక్కటే, నిద్ర. రోజుకు 8 గంటల పని, దూరాలకి మినహాయింపు ఇచ్చినా 10 గంటలు దాటకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే చెప్పింది. ఆ మాట చెబితే పక్కపక్కన కూర్చున్న ముగ్గురూ నవ్వారు. ఇద్దరు డ్రైవర్లుండాల్సిన బండికి ఒక్కడే, క్లీనర్ కూడా ఉండడు. నిద్ర ఆపడానికి టీ, ఖైనీ, మొహం మీద చన్నీళ్లు. 2022 జనవరి 14 తెల్లవారుజామున గూడెం దగ్గర చేపల లారీ బోల్తాపడి నలుగురు కూలీలు చనిపోయారు. ఆ మాటెత్తగానే నవ్వులు ఆగిపోయాయి.

మరి పక్కకి ఆపి పడుకోవచ్చు కదా? పదహారో నంబరు హైవే మీద లైటు, నీళ్లు, కాపలా ఉన్న చోటు దొరకడమే కష్టమట. చీకట్లో ఆపితే డీజిల్ పోతుంది. రోడ్డు వారగా ఆపితే వెనక నుంచి ఎవరైనా వచ్చి గుద్దేస్తారు.

గుద్దాక పారిపోవడం గురించీ అడిగాను. ఢీకొట్టి, పోలీసులకి చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకూ జైలు అన్న సెక్షన్ మీద 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆపేశారు. ఆ జూలై 1న కొత్త చట్టం వచ్చినా, ఆ ఒక్క సబ్‌సెక్షన్‌ని పక్కన పెట్టారు. "తప్పు ఎవరిదైనా ముందు కొట్టేది పెద్ద బండి వాణ్ణే అండి. ప్రాణం ఉంటే కదా స్టేషన్‌కి వెళ్లేది?" ఆ భయం నిజమే. కానీ రోడ్డు మీద పడి ఉన్నవాడి ప్రాణం? కనీసం కొంత దూరం వెళ్లాకైనా 108కి ఫోన్ చేయొచ్చు కదా అంటే, కుర్ర డ్రైవర్ ఒకడు తలూపాడు. పెద్దాయన మాట్లాడలేదు.

ఐసు నీళ్ల విషయంలో మాత్రం వాళ్లతో ఏకీభవించలేను. కింద ఓ ట్యాంకు బిగించి, ఆ నీళ్లు పట్టుకుని ఆగిన చోట వదలడం పెద్ద విద్యేం కాదు. ఖర్చు ఓనర్‌ది, కాబట్టి ఎవరూ బిగించరు.

మన మీద కూడా కంప్లైంట్ ఉంది. ఎడమ పక్క నుంచి దూరే బైకులు. "బాబాయ్, అద్దాలుంటాయిగా?" అన్నాను. ఆయన నన్ను క్యాబిన్‌లో తన సీట్లో కూర్చోబెట్టి, నా బైకు తీసుకెళ్లి ఎడమ ముందు చక్రం పక్కన నిలబెట్టాడు. "ఇప్పుడు చెప్పు, ఏం కనబడుతోంది?" అని కింద నుంచి అరిచాడు.

హ్యాండిల్ కూడా కనబడలేదు.