ఒక్క లెక్క మాత్రమే తెలిసిన యంత్రం

బ్యాంకుల ప్రమేయం లేకుండా ఒకరి నుంచి మరొకరికి డబ్బు చేరవేసే బిట్‌కాయిన్ అనే పద్ధతిని సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన 9 పేజీల పత్రం ప్రతిపాదించినప్పుడు, అందులో ప్రత్యేక యంత్రాల ఊసే లేదు. లావాదేవీల పద్దు ఎవరు రాయాలన్నది నిర్ణయించడంలో ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో ఓటు దక్కుతుందని, అందువల్ల పెత్తనం ఎవరి చేతిలోనూ పోగుపడదని ఆ పత్రం ఆశించింది.

ఆ ఓటు శ్రమ రూపంలో పడుతుంది. కొత్త లావాదేవీల కట్టకు, అంటే బ్లాకుకు, ఏదో ఒక సంఖ్యను జోడించి షా-256 అనే గణిత ప్రక్రియ గుండా పంపితే ముందుగా ఊహించ వీలులేని ఫలితం వస్తుంది. అది నిర్ణీత పరిమితికి లోబడేంతవరకు సంఖ్యలు మారుస్తూ పోవడం తప్ప వేరే ఉపాయం లేదు. మైనింగ్ అనే ఈ వెతుకులాటకు మూలం, అనవసర ఈమెయిళ్లను అరికట్టడానికి ఆడమ్ బ్యాక్ 1997లో రూపొందించిన హ్యాష్‌క్యాష్. ముందుగా ఫలితం సాధించినవారికి 2009లో 50 బిట్‌కాయిన్లు దక్కేవి. సగటున పది నిమిషాలకొక బ్లాకు చొప్పున తయారయ్యేలా, ప్రతి 2,016 బ్లాకులకోసారి లెక్క కాఠిన్యం దానంతటదే మారుతుంది. అసలు చిక్కు ఈ నియమంలోనే ఉంది: అందరి వేగం పెరిగినా నాణేల ఉత్పత్తి పెరగదు కనుక, పక్కవాడికంటే వేగంగా ఉండటమే లాభానికి ఏకైక మార్గమైంది.

2010లో గ్రాఫిక్స్ కార్డులు మామూలు ప్రాసెసర్లను వెనక్కు నెట్టాయి. 2013లో చైనాలో తయారైన అవలాన్ యంత్రంతో ఏసిక్ చిప్, అంటే ఒకే పనికోసం మలచిన చిప్, రంగప్రవేశం చేసింది. బిట్‌మెయిన్ సంస్థ 2016లో తెచ్చిన ఆంట్‌మైనర్ ఎస్9 దాదాపు 1,300 వాట్ల విద్యుత్తుతో సెకనుకు 13 లక్షల కోట్ల దాకా ప్రయత్నాలు చేయగలిగేది. అయితే కూడికలు, తీసివేతల వంటి సాధారణ గణనకు అది పనికిరాదు. ఇంటి కంప్యూటర్‌కున్న ఓటు అక్కడితో చెల్లకుండా పోయింది.

ఆపైన గెలుపోటములను తేల్చింది కరెంటు ధర. వానాకాలంలో సిచువాన్ జలవిద్యుత్తు కోసం, మిగతా కాలంలో షిన్‌జియాంగ్ బొగ్గు విద్యుత్తు కోసం యంత్రాలు లారీల్లో తరలిపోయేవి. 2021లో చైనా మైనింగ్‌ను నిషేధించగానే వాటిలో చాలా యంత్రాలు అమెరికాకూ కజకిస్థాన్‌కూ చేరాయి. కజకిస్థాన్‌లో ఆ ఏడాది చివరికి విద్యుత్ కొరత ఏర్పడి, ప్రభుత్వం మైనింగ్ కేంద్రాలకు సరఫరా తగ్గించాల్సి వచ్చింది. రాజ్యాలతో నిమిత్తం లేని ద్రవ్యమని చెప్పుకున్నది చివరికి ఏ రాజ్యం ఎంత ధరకు కరెంటిస్తుందన్న దానిపై ఆధారపడటం గమనార్హం.

ఈ శ్రమ అనివార్యం కాదని ఎథీరియం అనే మరో డిజిటల్ నాణేల వ్యవస్థ 2022 సెప్టెంబరులో నిరూపించింది. నాణేలను పూచీగా పెట్టినవారే పద్దును ధ్రువీకరించే పద్ధతికి మారి విద్యుత్ వినియోగాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుంది. కాకపోతే అక్కడ కరెంటు ఉన్నవాడికి బదులు నాణేలున్నవాడి మాట చెల్లుతుంది.

బిట్‌కాయిన్ మాత్రం పాత దారినే ఉంది. ప్రతి 2,10,000 బ్లాకులకు సగమయ్యే ప్రతిఫలం 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగింది, సుమారు 2140 నాటికి అడుగంటుతుంది. ఆ లోటును లావాదేవీల రుసుములు పూడ్చకపోతే యంత్రాలు ఆగుతాయి, పద్దును తారుమారు చేసే ఖర్చూ తగ్గుతుంది. అమెరికాలో కొన్ని మైనింగ్ సంస్థలు ఇప్పటికే తమ స్థలాలను, విద్యుత్ కనెక్షన్లను కృత్రిమ మేధ కంపెనీలకు అద్దెకిస్తున్నాయి. ఆ కొత్త పనికి ఏసిక్ యంత్రాలు పనికిరావు కనుక వాటిని తొలగించక తప్పదు.