వెలుపలి డిస్కునుండి లైనక్సును నడుపుట

విద్యార్థులారా! పాఠశాలలోని కంప్యూటరు ఒక్కరి సొత్తు కాదు. ఉదయము ఒక తరగతివారును, మధ్యాహ్నము వేఱొక తరగతివారును దాని ముందు కూర్చుందురు. అట్టి యంత్రములో ఒక్క విద్యార్థి తన యిష్టము వచ్చినట్లు మార్పులు చేయుట న్యాయము కాదు. ఐనను లైనక్సు వంటి ఆపరేటింగ్ సిస్టమును నిజముగా నేర్వగోరువాడు దానిని విప్పి చూడవలెను, మార్చవలెను, ఒక్కొక్కప్పుడు చెడగొట్టి మరల బాగుచేయవలెను. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చు ఉపాయ మొకటి కలదు. లైనక్సును యంత్రములోపలి డిస్కుమీద గాక, యు.ఎస్.బి. తీగతో తగిలించు వెలుపలి హార్డు డిస్కుమీద నెలకొల్పి, అందుండియే యంత్రమును నడుపుటయే ఆ యుపాయము. పని ముగిసిన పిదప డిస్కును సంచిలో వేసికొని యింటికి పోవచ్చును. లోపలి డిస్కు ఎట్లుండెనో అట్లే యుండును.

లైనక్సు ఇందుకు మిక్కిలి తగినది. దాని కెర్నెలును, అనగా యంత్రభాగముల నన్నిటిని ఏలు ముఖ్యభాగమును, 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశములో హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ వ్రాయ నారంభించెను. రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రయత్నమువలన సిద్ధమైన పనిముట్లు దానితో చేరగా సంపూర్ణమైన సిస్టము ఏర్పడెను. దానిని ఎవరైనను తీసికొనవచ్చును, నకలు చేయవచ్చును, మార్చవచ్చును, పరులకు పంచిపెట్టవచ్చును. ఎన్ని డిస్కులమీద నెలకొల్పినను దోషము లేదు.

ఈ పని ఎట్లు జరుగునో తెలియవలెనన్న, మీట నొక్కిన తరువాతి కొన్ని క్షణములలో యంత్రము లోపల ఏమి జరుగుచున్నదో ముందు తెలిసికొనవలెను. మీట నొక్కునప్పటికి కంప్యూటరు జ్ఞాపకశక్తి శూన్యముగా నుండును. ఆపరేటింగ్ సిస్టము డిస్కుమీద నిద్రించుచుండును. డిస్కును చదువు విద్య ఆ సిస్టమునకే తెలియును. ఆ సిస్టమో డిస్కుమీదనే యున్నది! తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట వంటి పని యిది. ఇంగ్లీషువారు దీనికి బూటింగ్ అను పేరు పెట్టుట అందువలననే.

దీనిని మన పాఠశాల తెఱచు విధముతో పోల్చి చూతము. తెల్లవారగానే మొదట వచ్చువాడు కావలివాడు. వానికి పాఠములు తెలియవు. గేటు తీసి బంట్రోతును పిలుచుట మాత్రమే తెలియును. బంట్రోతు ప్రధానోపాధ్యాయులవారిని తోడ్కొని వచ్చును. వారు వచ్చి గదులు తెఱపించినగాని బడి నడువదు. కంప్యూటరులో కావలివాడు ఫర్మ్‌వేరు. అది యంత్రపు పలకమీదనే యొక చిన్న చిప్పులో నుండును. బంట్రోతు బూటులోడరు, లైనక్సులో తఱచుగా దీని పేరు గ్రబ్. ప్రధానోపాధ్యాయులు కెర్నెలు.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి. నాటినుండి చాలకాలము బయాస్ అను ఫర్మ్‌వేరు వాడుకలో నుండెను. అది డిస్కులోని మొదటి 512 బైట్లను మాత్రము చదివి, అందున్న ఆజ్ఞల ప్రకారము నడుచుకొనెడిది. ఇప్పటి యంత్రములలో నున్నది యు.ఇ.ఎఫ్.ఐ. ఇది ఫ్యాట్ అను పద్ధతిలో నేర్పరచిన చిన్న విభాగమును చదువగలదు. ఆ విభాగమునకు ఇ.ఎఫ్.ఐ. సిస్టము పార్టిషను అని పేరు. ఏ బంట్రోతును ముందు పిలువవలెనో యొక పట్టీ వ్రాసి యంత్రములోనే దాచుకొనును. పట్టీలో పేరులేని కొత్త డిస్కు తగిలినచో, దానిలోని ఇ.ఎఫ్.ఐ. అను సంచయములో బూట్ అను సంచయమును వెదకి, అందు నియమిత నామముతో నున్న ఫైలును నడుపును. 64 బిట్ల ఇంటెల్, ఏ.ఎం.డి. జాతి యంత్రములలో ఆ ఫైలు పేరు బూట్‌ఎక్స్64.

ఊరూరు తిరుగు డిస్కు ఈ నియమమునే యాశ్రయింపవలెను. ఏలనగా, పరుల యంత్రమునందలి పట్టీలో దాని పేరుండదు, ఉండరాదు కూడ. ఈ సంగతి నేను నష్టపడి నేర్చుకొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్యాలయపు యంత్రమునకు నా డిస్కును తగిలించి లైనక్సును నెలకొల్పితిని. సిస్టము నా డిస్కుమీదికే పోయెను. కాని స్థాపించు ప్రోగ్రాము బూటులోడరును మాత్రము నా డిస్కులో నుంచక, యంత్రములోపలి డిస్కునందలి ఇ.ఎఫ్.ఐ. విభాగములో నుంచి, పట్టీలో దానినే మొదటిదిగా వ్రాసెను. నేను చూచుకొనలేదు. డిస్కు తగిలియున్నంతసేపు అంతయు బాగుగనే నడచెను. సాయంకాలము డిస్కు నూడదీసి యింటికి పోతిని. మఱునాటి యుదయము మార్కుల పట్టికలు అచ్చు తీయవలసియుండెను. గుమాస్తాగారు మీట నొక్కగా నల్లని తెరమీద గ్రబ్ అను మాట తప్ప మఱేమియు కానరాలేదు. బంట్రోతు వచ్చెను గాని, వాని కాగితములన్నియు నా సంచిలో నుండెను! "మాస్టారూ, నిన్న దీనిని ఏమి చేసితిరండీ?" అని ఆయన మెల్లగా అడిగెను. వరండాలో పట్టికలకొఱకు పిల్లలు కూర్చుండి యుండిరి. నేను ఫర్మ్‌వేరు పట్టీని తెఱచి, పాత సిస్టము పేరును మరల మొదటికి తెచ్చినంతనే యంత్రము నడచెను. ఒక్క ఫైలును నశింపలేదు. ఐనను నా యజాగ్రత్తవలన పూటంతయు వ్యర్థమయ్యెను.

కావున మొదటి నియమ మిది: వెలుపలి డిస్కు తన బంట్రోతును తనవెంటనే తెచ్చుకొనవలెను. ఇ.ఎఫ్.ఐ. విభాగము నొకదానిని ఆ డిస్కుమీదనే యేర్పరచి, బూటులోడరును అందే పైన జెప్పిన నియమిత నామముతో నుంచవలెను. డెబియన్ స్థాపన ప్రోగ్రాము నిపుణుల పద్ధతిలో నడిపినపుడు ఈ ప్రశ్నను స్పష్టముగా నడుగును. లోపలి డిస్కును తాత్కాలికముగా విడదీసి స్థాపించినచో పొరపాటునకు తావే యుండదు.

రెండవ నియమము తాళపు చెవులను గూర్చినది. ప్రధానోపాధ్యాయులవారు వచ్చిరి, గది తాళము వేసియున్నది, తాళపు చెవి గదిలోపల నున్నది. అప్పుడు బడి యెట్లు తెఱతురు? కెర్నెలునకును ఇట్టి చిక్కే కలదు. యు.ఎస్.బి. డిస్కును చదువుటకు డ్రైవరులు కావలెను; అవి యా డిస్కుమీదనే యుండును. అందుచేత ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అను చిన్న మూటలో అవసరమైన డ్రైవరులను కట్టి, బూటులోడరు దానిని కెర్నెలుతోపాటు జ్ఞాపకశక్తిలోనికి తెచ్చును. కొన్ని సిస్టములు స్థాపించిన యంత్రమునకు సరిపడు డ్రైవరులను మాత్రమే మూటలో కట్టును. అట్టి డిస్కు ఒక యంత్రములో నడచి, వేఱొక దానిలో నిలిచిపోవచ్చును. తిరుగు డిస్కునకు అన్ని విధముల డ్రైవరులును గల పెద్ద మూటయే మేలు. డెబియన్‌లో మోడ్యూల్స్ అను అమరికను "మోస్ట్" అని యుంచుట యిందుకే. ఇంతేగాక, యు.ఎస్.బి. డిస్కు మేల్కొనుటకు కొన్ని క్షణములు పట్టును. కెర్నెలు తొందరపడినచో డిస్కు లేదని చెప్పి యాగిపోవును. అప్పుడు "రూట్‌వెయిట్" అను మాటను బూటు వరుసలో చేర్చి, వేచియుండుమని దానికి చెప్పవలెను.

మూడవది పేరును గూర్చిన నియమము. లైనక్సు తనకు కనబడిన వరుసను బట్టి డిస్కులకు ఎస్.డి.ఏ., ఎస్.డి.బి. అని పేర్లు పెట్టును. వరుసలో రెండవవాడా అని పిలిచినచో, రేపు వేఱొకడు ఆ చోట నిలువవచ్చును. ప్రతి విభాగమునకును సృష్టికాలముననే యు.యు.ఐ.డి. అను 128 బిట్ల గుర్తు ఏర్పడును. ఏ యంత్రమునకు తగిలించినను ఆ గుర్తు మాఱదు. బూటు వరుసలోను, ఎఫ్.ఎస్.ట్యాబ్ అను పట్టికలోను ఆ గుర్తునే వ్రాయవలెను.

ఇక కొన్ని జాగ్రత్తలు. 2000లో వచ్చిన యు.ఎస్.బి. 2.0 సెకనుకు 480 మెగాబిట్లు మోయగలదు. 2008లో వచ్చిన 3.0 ఐదు గిగాబిట్లు మోయగలదు. కావున రెండవదానినే యెన్నుకొనుడు. తఱచుగా దాని రంధ్రము లోపల నీలివర్ణము కనబడును. తిరుగు పళ్లెములు గల డిస్కుకన్న ఎస్.ఎస్.డి. చుఱుకుగా పనిచేయును. యంత్రమును ప్రారంభించునపుడు ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి మీటలలో నొకటి నొక్కినచో ఏ డిస్కునుండి నడువవలెనో యడుగు పట్టీ వచ్చును. ఏ మీటయో తయారు చేసినవారిని బట్టి యుండును. సెక్యూర్ బూట్ అను కాపలా యున్న యంత్రములు ముద్రపడిన బూటులోడరునే రానిచ్చును. పేరొందిన లైనక్సు సిస్టములు అనేకము అట్టి ముద్రతోనే వచ్చుచున్నవి. లైనక్సు నడుచుచుండగా డిస్కు నూడలాగుట చెట్టుకొమ్మమీద కూర్చుండి దానిని నఱకుట వంటిది. ముందుగా యంత్రము నార్పి, ఆ పిమ్మటనే తీయుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది యొకటి. స్థాపన ప్రోగ్రాము "ఈ డిస్కును చెరిపివేయుదునా?" అని యడిగినపుడు, దాని పరిమాణమును, తయారీ పేరును రెండుమార్లు చదువుడు. సందేహమున్న యెడల చేయి వెనుకకు తీయుడు. చెరిగిన డిస్కులో నున్నది పరుల యేండ్ల శ్రమ కావచ్చును.

యంత్రపు యజమాని యనుమతి పొంది, ఈ మూడు నియమములను పాటించువాడు ఎక్కడికి పోయినను తన ప్రయోగశాలను తనవెంట కొనిపోవును. తన బంట్రోతు, తన తాళపు చెవులు, తన పేరు—ఇవి మూడును తనవద్దనే యున్న అతిథివలన ఆతిథ్యమిచ్చినవారి యింట ఏ వస్తువును చెదరదు. మనము లేచిపోయిన పిదప ఆ యంత్రము ముందు కూర్చుండువారికి మనము వచ్చి పోయిన జాడయే తెలియరాదు. ఆ పని చక్కగా జరిగినదనుటకు అదియే గుఱుతు.