కంటికి అందేలా చదువు రాయండి

చెయ్యి బారుగా చాచి బొటనవేలి గోరు వంక చూడండి, పిల్లలూ. ఏ క్షణాన చూసినా మన కంటికి స్పష్టంగా కనిపించేది రమారమి ఆ గోరంత మేరే. మిగతాదంతా మసకే. రెటీనా నడుమ ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది. సన్నని వివరాలు పట్టే కోన్ కణాలు అక్కడే దట్టంగా ఉంటాయి. దాని చూపు సుమారు 2 డిగ్రీలు. 40 సెంటీమీటర్ల దూరాన పట్టుకున్న కాగితం మీద అది ఒకటిన్నర సెంటీమీటర్లు కూడా ఉండదు.

మరి పేజీ అంతా ఎలా చదువుతున్నాం? చూపు గెంతుతుంది. ఒకచోట ఆగుతుంది, మళ్లీ గెంతుతుంది. పారిస్‌లో ఎమిల్ జావల్ అనే కంటి వైద్యుడి ప్రయోగశాల నుంచి 1879 ప్రాంతంలో బయటికొచ్చిన సంగతి ఇది. ఆగేది సుమారు పావు సెకను. అక్షరాలు బుర్రకెక్కేది ఆ ఆగినప్పుడే.

డిగ్రీ చేతికొచ్చి రెజ్యూమే రాసుకుంటున్న మీకు ఇదంతా ఎందుకంటారా? వందల కాగితాలు తిరగేసే మనిషి మీ చదువు మీద పది సెకన్లు పెట్టాడనుకుందాం. అంటే చూపు ఆగడానికి సుమారు నలభై మజిలీలు. అందులో ఒక్కటీ వృథా పోకూడదు.

"నేను 2021లో కళాశాలలో చేరి నాలుగేళ్లు క్రమశిక్షణతో చదివి మంచి మార్కులతో ఉత్తీర్ణత సాధించాను" అని రాస్తే మజిలీలు ఖర్చయిపోతాయి, విషయం మాత్రం చేతికి రాదు. దాన్నే ఇలా పెట్టండి: "బి.టెక్., ఇ.సి.ఇ.; కాలేజీ పేరు, ఊరు; సి.జి.పి.ఎ. 8.1/10, 2025". డిగ్రీ ఎడమ అంచున, సంవత్సరం కుడి చివర. దాని కింద ఇంటర్, ఆ కింద టెన్త్, అదే వరుసలో. మొదటి వరుస చూడగానే తర్వాత ఎక్కడికి గెంతాలో కంటికి తెలిసిపోతుంది.

పని అనుభవం లేనివాళ్లకి చదువే పైన ఉండాలి. ఉద్యోగంలో రెండు మూడేళ్లు గడిచాక అది కిందికి దిగొచ్చు. మన దగ్గర క్యాంపస్ సెలక్షన్లకొచ్చే చాలా కంపెనీలు టెన్త్, ఇంటర్, డిగ్రీ మూడింటి మార్కులూ అడుగుతాయి, అందుకని ఆ వరుసలు తీసెయ్యకండి. సి.జి.పి.ఎ.ని శాతంలోకి మార్చే సూత్రం యూనివర్సిటీని బట్టి మారుతుంది. మీ యూనివర్సిటీ చెప్పిన సూత్రమే వాడండి. 7.46ని 8 చెయ్యకండి నాయనా. మెమోలతో సరిచూసే రోజు వస్తుంది. అది రాకపోయినా, కష్టపడి తెచ్చుకున్న 7.46 మీకు గౌరవమే.

ఇంకో సంగతి. మనసు ఒక్కసారిగా పట్టి ఉంచుకోగలిగేది నాలుగు అంశాల దాకానే అని నెల్సన్ కోవన్ అనే మనస్తత్వవేత్త 2001లో లెక్క తేల్చాడు. కాబట్టి చదివిన సబ్జెక్టులన్నీ ఏకరువు పెట్టొద్దు. ఆ ఉద్యోగానికి పనికొచ్చేవి ఏరి మూడో నాలుగో రాయండి. ప్రాజెక్టు అయితే ఏం చేశారో కళ్లకు కట్టాలి: "హాస్టల్ ట్యాంకు నిండగానే మోటారు ఆపే పరికరం, అల్ట్రాసోనిక్ సెన్సర్, ఆర్డుయినో, ముగ్గురి జట్టులో ప్రోగ్రాం రాసింది నేను". ఆ చివరి ముక్క మరిచిపోవద్దు. ఇంటర్వ్యూలో ప్రశ్న పుట్టేది అక్కడే.

చాలాచోట్ల మనిషికంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతోంది. బొమ్మలో ఇరికించిన అక్షరాలు దానికి సరిగా అందకపోవచ్చు. డిగ్రీ పేరు పూర్తిగానూ పొడి అక్షరాల్లోనూ రాస్తే ఎలా వెతికినా దొరుకుతుంది.

రాయడం అయ్యాక చిన్న ప్రయోగం చెయ్యండి. మీ కోర్సు సంగతి తెలియని పిన్నికో బాబాయికో కాగితం ఇచ్చి, పది సెకన్లకి వెనక్కి తీసుకోండి. ఏం చదివారు, ఎక్కడ, ఎన్ని మార్కులు, ఏం తయారుచేశారు అని అడగండి. నాలుగింటికీ జవాబొస్తే నిశ్చింతగా పంపండి. ఏది రాకపోతే ఆ వరుస మళ్లీ రాయండి. లోపం చదివినవాళ్లది కాదు, అది వాళ్ల కంటికి అందలేదంతే.