ఫోటోలో పడింది ఆత్మేనా?

రాత్రివేళ ఫ్లాష్ చిత్రాల్లో తేలే వెలుగు గోళాల గుట్టు కెమెరాలోనే ఉంది. కోల్‌కతాకు ఇలాంటి వివాదం కొత్త కాదు.

కోల్‌కతాలో దెయ్యాల కథలకు కొదవ లేదు. 1767లో మొదలైన సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటిక, వారన్ హేస్టింగ్స్ పేరుతో ముడిపడిన అలీపూర్‌లోని బెల్వెడేర్ భవనం చీకటి పడ్డాక జనం వెళ్లడానికి జంకే చోట్లుగా పేరుపడ్డాయి. 2000 దశకంలో జేబులో పట్టే డిజిటల్ కెమెరాలు ఇంటింటికీ చేరాక ఇలాంటి కథలకు 'సాక్ష్యం' కూడా తోడైంది. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో, తీసినప్పుడు కంటికి కనిపించని తెల్లటి గుండ్రటి వెలుగులు! దెయ్యాల అన్వేషకులు వాటికి 'ఆర్బ్‌లు' అని పేరు పెట్టారు. అవి ఆత్మలని చాలామంది నమ్మకం.

కంటికి కనిపించేవైతే వేరే మాట. బెంగాల్ చిత్తడి నేలల్లో జాలర్లు చూశామని చెప్పే 'ఆలేయా' వెలుగులు, తెలుగు పల్లెల కొరివి దెయ్యం ఆ కోవలోవి. ఆర్బ్‌ మాత్రం కెమెరాకే దొరుకుతుంది. కాబట్టి దర్యాప్తు కూడా కెమెరా నుంచే మొదలవ్వాలి.

చిన్న కెమెరాల్లో ఫ్లాష్, లెన్స్‌ను ఆనుకునే ఉంటుంది. లెన్స్ ముందు గాలిలో తేలే ధూళి కణం మీద పడిన వెలుగు నేరుగా వెనక్కి, లెన్స్‌లోకే వస్తుంది. 10 సెంటీమీటర్ల దూరంలోని కణంపై పడే వెలుగు, 2 మీటర్ల దూరంలో నిలబడిన మనిషిపై పడే దానికంటే దాదాపు 400 రెట్లు ఎక్కువ. అంత దగ్గరి వస్తువుపై ఫోకస్ కుదరదు కనుక అది చుక్కలా కాక పెద్ద బిళ్లలా పరుచుకుంటుంది. నీటి అడుగున ఫోటోలు తీసేవారికి ఈ బెడద ఎప్పటి నుంచో తెలుసు. అందుకే వారు ఫ్లాష్‌ను కెమెరాకు దూరంగా, పొడవాటి కడ్డీకి బిగిస్తారు. కోల్‌కతాలో చలికాలపు ధూళి, పొగమంచు, వానాకాలపు తుంపర, రాత్రి పురుగులు... ఆర్బ్‌లకు ముడిసరుకు ఏడాది పొడవునా సిద్ధం.

2009లో రెండు లెన్సుల ఫ్యూజీఫిల్మ్ త్రీడీ కెమెరా మార్కెట్లోకి రావడంతో పరీక్ష మరింత తేలికైంది. గోళం నిజంగా గదిలో కొన్ని అడుగుల దూరంలో ఉంటే రెండు చిత్రాల్లోనూ కనిపించాలి. బ్రిటన్ పరిశోధకుడు స్టీవ్ పార్సన్స్ ఆ కెమెరాతో పరీక్షిస్తే, ఎక్కువ సందర్భాల్లో ఆర్బ్ ఒక్క చిత్రంలోనే కనిపించింది. అంటే అది ఒక లెన్స్ ముందు తారాడిన రేణువన్నమాట.

'అద్భుత' కాంతి విషయంలో కోల్‌కతాకు ఇంకా పాత చరిత్రే ఉంది. 1969లో బీబీసీ కోసం మదర్ థెరెసాపై చిత్రం తీయడానికి మాల్కమ్ మగరిడ్జ్ బృందం కాళీఘాట్‌లోని నిర్మల్ హృదయ్‌కు వెళ్లింది. లోపల వెలుతురు చాలదని కెమెరామన్ కెన్ మాక్మిలన్ సందేహించారు. తీరా ఫిల్మ్ కడిగితే గదంతా మృదువైన కాంతి. అది దైవికమని మగరిడ్జ్ ప్రకటించారు. కొత్తగా వచ్చిన కొడాక్ ఫిల్మ్ మహిమేనని మాక్మిలన్ తర్వాత చెప్పారు. అదే ఫిల్మ్ పశ్చిమాసియాలో మసక వెలుతురులో పనిచేయలేదన్నది మగరిడ్జ్ వాదన. కానీ చోటు మారితే వెలుతురూ మారుతుంది. అదే గదిలో, అదే ఫిల్ముతో, అదే వేళకు మళ్లీ తీసి చూస్తేనే ఆ పోలికకు విలువ.

ఇదంతా కాలక్షేపం కబురని కొట్టిపారేయలేం. 1998లో మదర్ చిత్రం నుంచి వచ్చిన కాంతి తర్వాత తన కడుపులోని గడ్డ మాయమైందని ఉత్తర బెంగాల్ ఆదివాసీ మహిళ ఒకరు చెప్పారు. 2002లో వాటికన్ దాన్ని అద్భుతంగా గుర్తించింది. గడ్డ క్షయ వల్ల ఏర్పడిందని, మందులతోనే తగ్గిందని ఆమెకు చికిత్స చేసిన ప్రభుత్వ వైద్యులు అన్నారు. 1985లో హేతువాద సంఘాన్ని స్థాపించిన ప్రబీర్ ఘోష్ (2023లో మరణించారు) ఆ ప్రకటనను బహిరంగంగా సవాలు చేశారు. ఆయన ఆందోళనలో అర్థముంది. వెలుగును నమ్ముకుని క్షయ మందులు మధ్యలో మానేస్తే పోయేది ప్రాణమే.

ఆత్మీయులను పోగొట్టుకున్న ఇంట్లో ఫోటోలో ఒక గోళం కనిపిస్తే మనసు ఎటు లాగుతుందో ఊహించవచ్చు. ఆ బాధను సొమ్ము చేసుకునేవారూ ఉంటారు. వారికి డబ్బు చెల్లించే ముందు ఓ పని చేయొచ్చు. అదే గదిలో దుప్పటి ఒకటి దులిపి ఫ్లాష్‌తో ఫోటో తీయాలి. కెమెరాను కదపకుండా, ఫ్లాష్ ఆపేసి, పక్క నుంచి టార్చి వేసి మరోటి తీయాలి. మొదటి దానిలో గోళాలు గుంపుగా తేలి, రెండో దానిలో మాయమైతే, ఆ ఇంటికి కావలసింది చీపురే.